కుడివైపుకు మాత్రమే

మా నాయన బస్సు డ్రైవర్. నెల్లూరు - కలువాయి రూట్లో చాలా ఏళ్ళు చేశాడు. డ్యూటీ ఉన్న రోజు ఆయన నీళ్ళు తాగడు. పొద్దున ఒక గ్లాసు టీ, మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ, అంతే. మే నెల ఎండ, పక్కనే కాలిపోతున్న ఇంజను. అమ్మ నింపిచ్చిన సీసా సాయంత్రానికి సగం కూడా తరక్కుండా ఇంటికొచ్చేది. అమ్మ తిడితే ఒకటే మాట: "దిగేదానికి టైముంటే గదా తాగేది!"

ఆ మాటకు అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కలువాయిలో బయల్దేరిన బస్సు పల్లెల్లో ఎక్కడా పెద్దగా లేటయ్యేది కాదు. గొర్రెలమంద అడ్డమొచ్చినా, ఎవరో నిమ్మకాయల బస్తా టాపెక్కిస్తూ ఆపినా, దారిలో సర్దుకునేవాడు. అసలు కథ నెల్లూరులోకి దిగాక మొదలయ్యేది. ఆత్మకూరు బస్టాండు కనిపిస్తూనే ఉంటుంది, బస్సు మాత్రం చేరదు. ఆటోలు, మోటార్‌సైకిళ్ళు, పండ్ల బండ్లు, రోడ్డు మీదే ఆపేసి మందుల షాపులోకి వెళ్ళిన కారు. వానపడితే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు. చివరి కిలోమీటరుకి ఒక్కోసారి ఇరవై నిమిషాలు.

ఆ ఇరవై నిమిషాలు ఎవరి ఖాతాలోంచి పోతాయి? కారాయనకు పోయేది మందులు కొనడానికి పట్టిన రెండు నిమిషాలే. బస్సులో ఉన్న యాభై అరవై మందికి తలా ఇరవై. డ్రైవర్‌కి పోయేది ఇంకోటి. తిరుగు ట్రిప్పుకు ముందు ఆయన కిందికి దిగి, కాళ్ళు చాపుకుని, ఒంటేలుకి పోయొచ్చే ఆ కాస్త వ్యవధి. బస్సు స్టాండులో పెట్టేసరికే మళ్ళీ తీయాల్సిన టైము దాటి ఉంటుంది. కలువాయి పోవాల్సిన జనం ఎగబడి ఎక్కి, "ఏం డ్రైవరన్నా, ఇంకెప్పుడు తీస్తావు?" అని అరుస్తుంటారు. పెద్దాసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు, చీకటిపడేలోపు ఇల్లు చేరాల్సినవాళ్ళు. వాళ్ళ తొందరా నిజమే. కాబట్టి ఆయన దిగడు. దిగడు కాబట్టి తాగడు.

యాభై దాటాక కిడ్నీలో రాళ్ళు పడ్డాయి. రెండుసార్లు ఆపరేషన్. "నీళ్ళు తాగవా పెద్దాయనా?" అని డాక్టరు అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు పక్కన నేనున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఆటోల మీదా, మందుల షాపు కారు మీదా, వాన మీదా?

*

ఇక నా సంగతి. 2017లో చదువు కోసం టొరంటో వచ్చాను. ఆ ఏడాది నవంబరులోనే అక్కడి డౌన్‌టౌన్‌లో కింగ్ స్ట్రీట్ మీద ఒక ప్రయోగం మొదలైంది. ఆ వీధి మధ్యలో పట్టాలు, వాటి మీద స్ట్రీట్‌కార్లు అనబడే ట్రాములు నడుస్తాయి. 504 నెంబరు ట్రామ్ అంటే ఆ ఊళ్ళో అందరూ ఎక్కేది, అందరూ తిట్టేది. కార్ల వెనక ఇరుక్కుపోయి, నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా కదులుతుందని దానికి పేరు.

ప్రయోగం చాలా చిన్నది. బాథర్స్ట్ నుంచి జార్విస్ వరకు 2.6 కిలోమీటర్లు. గోడలు కట్టలేదు, గేట్లు పెట్టలేదు, కార్లను పూర్తిగా ఆపలేదు. కారు వీధిలోకి రావచ్చు, కానీ పెద్ద కూడలి రాగానే కుడివైపుకు తిరిగి బయటికి పోవాలి. నేరుగా పోకూడదు, ఎడమకు తిరగకూడదు. ట్రాములు, సైకిళ్ళు నేరుగా పోతాయి. రాత్రి పది తర్వాత తెల్లవారి అయిదు వరకు టాక్సీలూ పోవచ్చు. కార్లు ఆపుకునే చోట బల్లలు, కుర్చీలు, పూలతొట్లు పెట్టారు. ట్రామ్ ఆగే చోటు కూడలికి ఇవతల నుంచి అవతలికి మార్చారు, జనం నిలబడేందుకు రోడ్డంచు వరసలో కొంత జాగా ఇచ్చి. అంతే.

దీనికే ఊరంతా రెండుగా చీలింది. హోటళ్ళవాళ్ళు వ్యాపారం పడిపోయిందన్నారు. 2018 జనవరి చలిలో ఒక రెస్టారెంటు ముందు మంచుగడ్డతో చెక్కించిన పెద్ద మధ్యవేలు వెలిసింది, నగరపాలకులకు చూపిస్తూ. దాని పక్కన నిలబడి జనం సెల్ఫీలు దిగారు. నేనూ దిగాను. అప్పటికి నాకు కారు లేదు. ఆ 504లోనే వెళ్ళి దిగి, దాన్ని వెక్కిరించే బొమ్మ పక్కన ఫోటో దిగి, మళ్ళీ 504లోనే ఇంటికొచ్చాను. అందులో తిరకాసు ఏమీ కనిపించలేదు.

కార్ల మీద యుద్ధం అనే మాట ఆ ఊరికి కొత్తకాదు. 2010లో మేయరైన రాబ్ ఫోర్డ్ ఆ యుద్ధం ఇక ఆగిపోయిందని ప్రకటించే పదవి మొదలుపెట్టాడు. ఎవరికి వాళ్ళకు తాము ముట్టడిలో ఉన్నామనే అనిపిస్తుంది కాబోలు.

2019 ఏప్రిల్‌లో నగర కౌన్సిల్ ఆ ప్రయోగాన్ని శాశ్వతం చేసింది. సరిగ్గా ఆ వసంతంలోనే నేను నా మొదటి కారు కొన్నాను. పాత కరోలా, ఒక డోరు రంగు వేరు. ఫోటో పంపితే నాయన ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "బ్రేకులు చూసుకున్నావా అబ్బయా?" అన్నాడు. మా ఇంట్లో స్టీరింగ్ పట్టుకున్న మొదటి మనిషి ఆయన, సొంత బండి స్టీరింగ్ పట్టుకున్న మొదటివాణ్ణి నేను. మీకు నవ్వు రావచ్చుగానీ, ఆ కారు నాకు డిగ్రీ కంటే పెద్దది.

*

మే నెల, శుక్రవారం సాయంత్రం. స్నేహితుడి ఇంట్లో భోజనం. ఫోన్ చూపించిన దారి వదిలేసి, దగ్గరని కింగ్ స్ట్రీట్‌లోకి వచ్చాను. కూడలి రాగానే కుడివైపు బాణం. కుడికి తిరగాలంటే పక్కవీధి దాటుతున్న జనం ఆగాలి. ఆఫీసులు వదిలే వేళ. ఒకరి వెనక ఒకరు, ఫోన్లు చూసుకుంటూ, ఐస్‌క్రీం తింటూ, పచ్చలైటు ఉన్నంతసేపూ దాటుతూనే ఉన్నారు. లైటు మారింది. మళ్ళీ పచ్చ. మళ్ళీ జనం.

నేను మెల్లగా ముందుకు జరిపాను. మన దగ్గర అందరం చేసేదే: బండి మూతి కొంచెం దూరిస్తే మనిషి ఆగుతాడు. ఇక్కడ ఆగలేదు. పొట్టి జుట్టున్న ఒక పెద్దావిడ నా బానెట్ మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి చరిచింది. నా వైపు చూడను కూడా లేదు. పక్కింటి కుక్కని అదిలించినట్టు కొట్టి, దాటి వెళ్ళిపోయింది.

కొత్త కారు. కొత్తది కాదుగానీ నాకు కొత్తది. చెవులు వేడెక్కిపోయాయి. మూడోసారి పచ్చలైటు పడగానే కుడికి తిరగలేదు. స్టీరింగ్ ఎడమకు కోసి, పట్టాల మీదికెక్కి, నేరుగా పోనిచ్చాను.

కూడలి దాటగానే ముందు ట్రామ్ ఆగి ఉంది, తలుపులు తెరుచుకుని. పక్కన జాగాలో జనం. అటు పోవడానికి లేదు, ఇటు పోవడానికి లేదు. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ నన్ను చూశారు. వాళ్ళ ముఖాల్లో కోపం లేదు. అదే బాధ. అలవాటైన విసుగు. ఆ ట్రామ్ కదిలాక ముందున్న పోలీసాయన చెయ్యూపి పక్కకు రమ్మన్నాడు. 110 డాలర్లు, లైసెన్సు మీద రెండు పాయింట్లు. "బోర్డు కనిపించలేదా?" అన్నాడు. కనిపించింది. కనిపించలేదని చెప్పాను.

తర్వాత నెలరోజులు ఆ కథ నేను చెప్పని మనిషి లేడు. నా కథలో జనం కావాలని నెమ్మదిగా నడుస్తారు, బోర్డులు అర్థంకావు, నగరం జరిమానాలతో బతుకుతుంది. విన్నవాళ్ళందరికీ కార్లున్నాయి కాబట్టి అందరూ తలూపారు. బానెట్ మీద చరిచిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

*

ఆ శీతాకాలం డౌన్‌టౌన్‌లో ఉద్యోగం వచ్చింది. పార్కింగ్‌కి పెట్టే డబ్బుతో ఊళ్ళో మా చిన్నాన్న కాపురం గడిచిపోతుంది. మళ్ళీ 504 ఎక్కాను. ఒకరోజు పొద్దున, కిక్కిరిసిన ట్రాములో డ్రైవర్ వెనకే నిలబడి ఉన్నాను. కూడలిలో ఒక బూడిదరంగు కారు, కుడికి తిరగాల్సింది తిరగకుండా, మా ముందు పట్టాలెక్కింది. ట్రామ్ గంట మోగింది. బ్రేక్ పడింది. ముప్ఫై మీటర్ల పొడవున్న బండిలో జనమంతా ఒకేసారి ముందుకు ఒరిగారు. నా పక్కనున్న అమ్మాయి చేతిలో కాఫీ నా కోటు మీద పడింది. నా నోట్లోంచి వచ్చిన నెల్లూరు తిట్టు ఇక్కడ రాయలేను.

అప్పుడు డ్రైవర్ వైపు చూశాను. ఆవిడ ఏమీ అనలేదు. టైము చూసుకుంది. భుజాలు కొంచెం కిందికి జారాయి. ఆ జారడం నాకు తెలుసు. అండర్ బ్రిడ్జి దగ్గర, ముందు సీట్లో కూర్చుని, వెనకనుంచి ఎన్నోసార్లు చూశాను.

ఆ రాత్రి కూర్చుని లెక్కలు చదివాను. ప్రయోగానికి ముందు కింగ్ స్ట్రీట్ మీద రోజుకు 20,000 వాహనాలు. ట్రామ్ ఎక్కేవాళ్ళు 72,000. తర్వాత ఆ సంఖ్య 84,000కి చేరింది. మిగిలిన సమయం చూస్తే పెద్దదేమీ కాదు, బాగా రద్దీ వేళల్లో నాలుగైదు నిమిషాలు. పక్క వీధుల్లో కార్లకు పెరిగింది సగటున నిమిషం లోపే. ముఖ్యమైనది ఆ నాలుగైదు నిమిషాలు కూడా కాదు. ఇంతకుముందు ఒకరోజు పావుగంట, ఇంకోరోజు అరగంట పట్టేది. ఇప్పుడు ఏ రోజైనా దాదాపు ఒకేలా పడుతుంది. రేపు ఎంతసేపు పడుతుందో ఈరోజు చెప్పగలగడం. డ్రైవర్ చివరి స్టాపులో దిగడానికి వ్యవధి ఉంటుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ఆ లెక్క మాత్రం ఏ పట్టికలోనూ నాకు కనిపించలేదు.

*

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది స్నేహితులు అనే మాట: "అక్కడివాళ్ళకి డిసిప్లిన్ ఉంటుంది బ్రో, మనవాళ్ళతో అయ్యే పని కాదు." రుజువుగా విజయవాడ చూపిస్తారు. అది నేనూ చూశాను, ఇంజనీరింగ్ అక్కడే చదివాను. సత్యనారాయణపురంలో పాత రైలు కట్ట తీసేసిన జాగాలో, జెఎన్ఎన్‌యూఆర్ఎం నిధులతో బీఆర్టీఎస్ రోడ్డు వేశారు. మధ్యలో బస్సులకి ప్రత్యేకం, అటూ ఇటూ మిగతా బళ్ళకి. నేనున్న రోజుల్లో ఆ మధ్య వరసలో బస్సు కనిపిస్తే విశేషం. పొద్దున వాకింగ్ చేసేవాళ్ళు, సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లలు, ఎప్పుడూ అడ్డదారి వెతికే బైకులు. నేనూ స్నేహితుడి పల్సర్ వెనక కూర్చుని అందులోంచే పోయాను, ఎన్నోసార్లు. ఖాళీగా ఉంది కదా అన్నాం.

ఖాళీగా ఉంది కదా. ఆ మాటలోనే ఉంది అంతా. బస్సులు నిమిషానికొకటి నడిస్తే ఆ వరసలోకి బైకు దూర్చడానికి ధైర్యం ఉండేది కాదు. బస్సులు లేని బస్సు దారి జనానికి బస్సు దారిలా కనిపించదు, ఎవరికో దాచిపెట్టిన జాగాలా కనిపిస్తుంది. దిల్లీలో అదే జరిగింది, ఇంకోరకంగా. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు, 2008లో మొదలైంది. అక్కడ బస్సులున్నాయి, ఎక్కే జనమూ ఉన్నారు. కానీ పక్క వరసలో ఇరుక్కున్న కార్లవాళ్ళ గొంతు పెద్దది. బస్సులో నిలబడ్డవాళ్ళది ఎవరికీ వినిపించలేదు. 2016లో పీకేశారు.

మరి టొరంటో వాళ్ళ డిసిప్లిన్? కోవిడ్ తర్వాత అది కూడా చూశాను. కూడళ్ళలో పోలీసులు కనబడటం మానేశారు. బోర్డులు అవే, బాణాలు అవే. మొదట ఒక కారు నేరుగా పోయింది. ఏమీ కాలేదు. వెనక రెండోది. ఏడాదిలో కుడికి తిరిగేవాడు అమాయకుడిలా కనబడటం మొదలైంది. 2023 మేలో కొత్త మెట్రో పని కోసం పక్కనున్న క్వీన్ స్ట్రీట్‌లో ఒక ముక్క మూసేశారు, ఆ ట్రాములూ కార్లూ ఇటే వచ్చిపడ్డాయి. ఇక 504 ఎక్కడం కంటే నడవడమే మేలనే పాత జోకు తిరిగొచ్చింది. డిసిప్లిన్ జాతి గుణమైతే మూడేళ్ళలో ఎక్కడికి పోయింది?

ఆ ఏడాది చివర్లో కూడళ్ళలో పచ్చచొక్కాల ట్రాఫిక్ ఏజెంట్లను నిలబెట్టారు. చేతులు చాచి, కార్లను కుడికి తిప్పి, జనాన్ని ఆపి, ట్రాముకు దారిచ్చి. వారాల్లోనే ప్రయాణ సమయాలు పడిపోయాయి. రోడ్డు కొత్తది కాదు, రూలు కొత్తది కాదు. ఒక మనిషి నిలబడ్డాడు, అంతే.

*

పోయినేడు జూలైలో నాయనా అమ్మా వచ్చారు. కారులో నయాగరా తిప్పాను, గుళ్ళు తిప్పాను. నాయన పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేకేసినప్పుడల్లా తానూ కాలు నొక్కేవాడు. ఒక సాయంత్రం "ఆ రైలుబండి ఎక్కిద్దాం పద" అన్నాడు. అమ్మకి ఓపిక లేదు. మేమిద్దరమే వెళ్ళాం.

ఆయన ఖాళీ సీట్లో కూర్చోలేదు. ముందుకి పోయి, డ్రైవర్ వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తూ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. స్పడైనా కూడలి దగ్గర ఏజెంటు చెయ్యి అడ్డం పెట్టి కార్ల వరసను ఆపాడు. ట్రామ్ ఆగకుండా దాటింది. నాయన మెడ తిప్పి ఆ మనిషిని చివరిదాకా చూశాడు.

"ఇక్కడా మనిషి నిలబడాల్సిందేనా!" అన్నాడు.

"నిలబడకపోతే ఎవరూ వినరు నాయనా."

"అట్లనా. మన తట్టే ఎవురూ వినరనుకుంటిని." కాసేపాగి, "మరి నువ్వు?" అన్నాడు.

అయిదేళ్ళుగా దాచినది అప్పుడు చెప్పాను. ఎడమకు కోయడం, 110 డాలర్లు, బోర్డు కనిపించలేదని అబద్ధం. బానెట్ మీద చరిచిన ఆవిడ సంగతి కూడా. మామూలుగా అయితే తిట్టేవాడే. తిట్టలేదు. "ఆయమ్మ నీకు తగల్నీలే. బండికి కొట్టింది" అన్నాడు. ఆ తర్వాత, కిటికీలోంచి చూస్తూనే, "నేను కూడా అనుకునేవాణ్ణిరా, నెల్లూరులో, దిగి ఒకడి బండి మీద ఒక్కటి ఇద్దామని. దిగితే ఇంకా లేటు" అన్నాడు.

డిస్టిలరీ లూప్ దగ్గర ట్రామ్ ఆగింది. చివరి స్టాపు. మేం దిగి, తిరుగు ట్రామ్ కోసం అక్కడే నిలబడ్డాం. డ్రైవర్ కూడా దిగాడు. మా నాయన వయసు కాదుగానీ, నలభై దాటిన మనిషి. నడుం వెనక్కి వంచి, చేతులు పైకి చాపి, సీసా మూత తీసి నీళ్ళు తాగాడు. పూర్తిగా తాగాడు. ఖాళీ సీసా చంకలో పెట్టుకుని, తొందరేమీ లేనట్టు అవతలికి నడిచిపోయాడు.

నాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఆ మనిషి తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాక మళ్ళీ చూసుకున్నాడు.

"ఆరు నిమిషాలు" అన్నాడు.

ఇంకేమీ అనలేదు. తిరుగు ప్రయాణంలో కూర్చున్నాడు. నా బ్యాగులో నీళ్ళ సీసా ఉందేమో అడిగి, తీసుకుని తాగాడు.

నేను కారు అమ్మలేదు. వారానికి ఒకట్రెండు సార్లు తీస్తాను, డౌన్‌టౌన్ పోవాల్సొస్తే రిచ్‌మండ్ మీదనో అడిలైడ్ మీదనో పోతాను. తెలియక కింగ్ మీదికి వస్తే బాణం చూసి, జనం దాటేదాకా ఆగి, కుడికి తిరుగుతాను. ఏజెంటు లేకపోయినా తిరుగుతానా అంటే, చాలాసార్లు తిరుగుతాను. చుట్టుతిరిగి రావడానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పచ్చలైటు దగ్గర చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని, ఆ నాలుగు నిమిషాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో లెక్కేసుకుంటాను.

మొన్న నాయన నెల్లూరు వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు. ఇప్పుడాయన ప్యాసింజరే. ఆత్మకూరు బస్టాండు దగ్గర అరగంట ఆగిందట బస్సు. డ్రైవర్ కుర్రాడట, కొత్తగా చేరినట్టున్నాడు.

"దిగేటప్పుడు నా సీసా ఇచ్చేసొచ్చినా" అన్నాడు. "తాగినాడో లేదో."